బాపు తాగని కల్లు

మా బాపు తాగుబోతు కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. చదివేవాళ్ళకు ఇది చిన్న మాటగా కనిపించవచ్చు. పెళ్ళిచూపుల్లో కూర్చున్న రోజున కూడా "తాగి తాగి సచ్చినోని బిడ్డెనా?" అని అడిగించుకున్నదాన్ని, నాకు చిన్నది కాదు. ఇప్పుడు నా వయసు బాపు బతికిన వయసుకు దాదాపు రెట్టింపు. అయినా ఆ మాట గుర్తుకొస్తే ఒళ్ళు మండుతుంది.

మేం లాల్‌దర్వాజాలో ఒక పొడవాటి ఇంటి వెనక భాగంలో కిరాయికి ఉండేవాళ్ళం. అమ్మ, బాపు, నేను. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పోయారట. మా కులంలో మగవాళ్ళంతా పొద్దు వాలగానే కల్లు దుకాణానికి నడిచేవాళ్ళు. అందులో దాచుకునేది ఏమీ ఉండేది కాదు. పెళ్ళికి కల్లు, చావుకు కల్లు, బోనాలకు అమ్మవారికి సాక పోయడానికి కల్లు. అంతమందిలో బాపు ఒక్కడే తాగడు. అదేమీ భక్తి కాదు, నియమం కాదు. ఆ వాసనే ఆయనకు పడేది కాదు. చుట్టాల ఇళ్ళల్లో ముంత చేతికిస్తే పక్కవాడికి అందించి నవ్వేవాడు. "నీ మొగడు మొగోడేనా, పాలు తాగే పోరడా?" అని వరసైనవాళ్ళు అమ్మను ఆటపట్టించేవాళ్ళు. అమ్మ పైకి విసుక్కునేది గాని లోలోపల మురిసిపోయేది.

బాపు చేసేది ములమ్మా పని. రాగి మీద, వెండి మీద బంగారు పూత పూయడం. మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఒక సేటు కార్ఖానా ఉండేది. నవాబుల పెద్దపెద్ద దేవిడీల నుంచి అక్కడికి పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, కత్తి పిడులు, దర్బారు షేర్వానీల గుండీలు వచ్చేవి. గుళ్ళ నుంచి కిరీటాలు కూడా వచ్చేవి. కరెంటుతో పూత వేసే దుకాణాలు అప్పటికే పత్తర్‌గట్టీ దిక్కు వచ్చాయి. కాని నవాబులకు అది నచ్చేది కాదు. కరెంటు పూత పలచన అనీ, నిప్పు మీద వేసిన పూత అయితే మనవల కాలం దాకా వెలవదనీ వాళ్ళ నమ్మకం. వాళ్ళ మనవల కాలం దాకా పాన్‌దాన్ మెరవడానికి ఎవరి మనవలు తాతలను చూడకుండా పోయారో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళని నేననుకోను.

ఆ పని ఎలా ఉంటుందంటే, పలచటి బంగారు రేకు ముక్కలను పాదరసంలో వేసి వేడిచేస్తారు. బంగారం అందులో కరిగి వెన్నలాగా అవుతుంది. దాన్ని జింక తోలులో వేసి పిండితే ఎక్కువైన పాదరసం కారిపోతుంది. మిగిలిన ముద్దను ఇత్తడి కుంచెతో పాత్ర మీద పూసి బొగ్గుల మీద పట్టుకుంటారు. పాదరసం పొగై పోతుంది, బంగారం పాత్రకు అంటుకుని ఉండిపోతుంది. ఆ పొగ కంటికి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. గాలి తగిలితే పూత మచ్చలు పడుతుందని నిప్పు పెట్టే రోజున కిటికీలకు గోనెసంచులు కట్టి తలుపు మూసేవాళ్ళు. లోపల నలుగురైదుగురు మనుషులు, బొగ్గుల వేడి, ఆ పొగ. సేటు ప్రతి ఒక్కరికీ ఒక్కో బెల్లం ముక్క ఇచ్చేవాడు. బెల్లం చప్పరిస్తే పొగ దానికి అంటుకుని కడుపులోకి పోయి కరిగిపోతుందట. కిటికీ తెరవడానికి చేతులు రాని మనిషికి బెల్లం పంచడానికి మాత్రం చేతులు వచ్చేవి.

బెల్లం చాలదని మా వాళ్ళకు ఇంకో ఉపాయం ఉండేది. బాపుకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పిన ఉపాయం. ఆ ఉస్తాద్ మంచి ముసలాయన, నన్ను "బిటియా" అని పిలిచి పుట్నాలు పెట్టేవాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. టీ సాసరు పట్టుకుంటే సగం లాగు మీదే పోయేది. ముసలితనం అనుకునేవాళ్ళం. ఎన్నేళ్ళుంటాయని అమ్మ ఒకసారి బాపును అడిగితే, బాపు లెక్కపెట్టి, నలభై అయిదు దాటవన్నాడు. ఆ ఉస్తాద్ నిప్పు పెట్టే రోజున ఒక చిన్న బంగారు పూసను నాలుక కింద పెట్టుకునేవాడు. సాయంత్రానికి ఆ పూస తెల్లగా వెండి పూసలాగా అయ్యేది. దాన్ని అరచేతిలో పెట్టి అందరికీ చూపించేవాడట.

"దేఖో మియా, జహర్ సోనే కూ ఖాయా, మేరే కూ నై ఖాయా."

విషం బంగారాన్ని తిన్నది, నన్ను తినలేదు అని. అది చూసిన ఎవరు నమ్మరు? బంగారం తెల్లబడటం కళ్ళముందు కనిపిస్తుంటే విషమంతా అందులోకే పోయిందనుకోరా? బాపు నమ్మాడు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాడు. మా ఇంట్లో బంగారమంటే అమ్మ మెడలో పుస్తెల పక్కనున్న రెండు గుండ్లే. అమ్మ ఒక గుండు విప్పి బాపు చేతిలో పెట్టింది.

"నా తాడుల గుండు. నిన్ను గిదే కాపాడుతది, పెట్టుకో" అన్నది.

నిప్పు రోజు సాయంత్రం బాపు తెల్లబడ్డ గుండును గుడ్డలో చుట్టుకొచ్చేవాడు. అమ్మ దాన్ని ఇనుప గరిటెలో వేసి పొయ్యి మీద పెట్టేది. కాసేపటికి తెలుపు ఎగిరిపోయి బంగారం మళ్ళీ పసుపుపచ్చగా మెరిసేది. ఆ గరిటె పట్టుకోవడం నా పని. పోట్లాడి మరీ తీసుకునేదాన్ని. గుండు రంగు తిరిగే ఆ క్షణం చూడాలని ముఖం దగ్గరగా పెట్టి కూర్చునేదాన్ని. "పాడంత పోయింది" అని అమ్మ సంతోషంగా గుండును పసుపు నీళ్ళల్లో కడిగి తాడుకు గుచ్చుకునేది. పాడు ఎక్కడికి పోయిందో మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉండేది. చలికాలం అయితే తలుపు కూడా వేసి ఉండేది. అమ్మ చిగుళ్ళు వాచి నెత్తురు కారేవి. వేపపుల్లతో తోముకోమని పక్కింటివాళ్ళు సలహా చెప్పేవాళ్ళు.

పాదరసమంటే మాకు భయమే లేదు. బాపు తెచ్చిన చిన్న సీసా గూట్లో ఉండేది. నా తలలో పేలు పడితే అమ్మ తమలపాకు రసంలో రెండు చుక్కలు నూరి తలకు పట్టించేది. ఇరుగుపొరుగువాళ్ళు కూడా అడిగి తీసుకుపోయేవాళ్ళు. నేను బండ మీద చుక్కలు పోసి వేలితో తోస్తూ ఆడుకునేదాన్ని. ఎవ్వరూ వద్దని చెప్పలేదు. ఎవరికైనా తెలిస్తేనా చెప్పడానికి?

ఉస్తాద్ పోయిన ఏడాదికి బాపు చెయ్యి వణకడం మొదలైంది. ముందు సంతకం దగ్గర తెలిసింది. తర్వాత అన్నం ముద్ద నోటిదాకా పోకముందే సగం రాలేది. మాట తడబడేది. నడిస్తే గోడ పట్టుకుని నడిచేవాడు. నోటి నుంచి పులిసిన వాసన వచ్చేది, చొంగ కారేది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి చీటికీమాటికీ కసురుకునేవాడు, మళ్ళీ సిగ్గుపడి ఎవరికీ ముఖం చూపించకుండా గోడ దిక్కు తిరిగి పడుకునేవాడు. ఇవన్నీ చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మా గల్లీకి ఒక్కటే తెలుసు. రోజూ చూసే జబ్బు అదొక్కటే.

ఒకనాడు అత్తరుదాన్ మూత ఒకటి బాపు చేతిలోంచి జారి బొగ్గుల్లో పడి పాడైంది. సేటు అందరి ముందు, "తాగొచ్చి పనికి కూసుంటున్నవా? పో ఇంటికి" అన్నాడు. ఆ మాట బాపు కంటే ముందే మా ఇంటికి చేరింది.

బాపు ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే అమ్మ ఎదురుపోయి, "నోరు తెరువు" అన్నది. తెరిచాడు. అమ్మ దగ్గరికి పోయి వాసన చూసింది. వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చింది.

"అమ్మ తోడు, ముట్టలే" అన్నాడు బాపు.

"మరి గీ వాసనేంది?"

మా అమ్మే నమ్మలేదు. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. కాని బాపుకు అన్యాయం చేసినవాళ్ళ వరసలో మా అమ్మను వదిలేస్తే అది కూడా అన్యాయమే. నేను కూడా నమ్మలేదు. బడి నుంచి వస్తూ ఆయన ఎదురొస్తే పక్క గల్లీలోకి తిరిగిపోయాను.

మా మేనమామ, అమ్మకు తమ్ముడు, కుల పెద్దలను కూర్చోబెట్టాడు. సేటు దగ్గరికి పోయి మాట్లాడి వచ్చాడు కూడా. అమ్మవారి గుడి ముందు కల్లు మానేస్తానని ప్రమాణం చేస్తే సేటు మళ్ళీ పనిలో పెట్టుకుంటాడట. తీర్పు చెప్పడానికి కూర్చున్న పెద్దమనుషులు నలుగురూ మధ్యాహ్నమే ముంతలు ఖాళీ చేసి వచ్చినవాళ్ళే. అది నాకు బాగా గుర్తు.

"మానేస్తనని ఎట్ల ఒట్టేసేది? తాగితె గదా మానేది!" అన్నాడు బాపు. మాట తడబడుతోంది. ఆ తడబాటుకే వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

"అందరి లెక్క మంచిగ కూసోని తాగితే ఏం పోతుండె? సాటుకు తాగుడు ఎందుకు?" అన్నాడు ఒక పెద్దమనిషి. తాగడం వాళ్ళకు తప్పు కాదు. తాగనని చెప్పుకున్నవాడు తాగడమే తప్పు. ఇన్నేళ్ళు ముంత పక్కకు జరిపిన గర్వం దిగిపోయిందని వాళ్ళ సంబరం.

మూడు వారాలు బాపు ఒప్పుకోలేదు. అమ్మ ఆయన కాళ్ళు పట్టుకుంది. "నా కోసం ఒట్టు పెట్టు. పిల్ల ముఖం చూసి పెట్టు" అన్నది. చివరికి ఒక మంగళవారం పొద్దున స్నానం చేసి, తడిబట్టలతో అమ్మవారి గుడి ముందు నిలబడి, జన్మలో ముట్టని కల్లును ఇకమీద ముట్టనని ప్రమాణం చేశాడు. కర్పూరం పట్టుకున్న చెయ్యి వణికి వేళ్ళు కాలాయి. మేనమామ ఆయన భుజం తట్టాడు. మర్నాడు సేటు పనిలోకి పిలిచాడు. ఆ ప్రమాణం ఆయన్ను మళ్ళీ తీసుకుపోయి గోనెసంచులు కట్టిన ఆ గదిలోనే కూర్చోబెట్టింది. అమ్మ గుండు విప్పి మళ్ళీ ఇచ్చింది.

రెండు నెలల్లో వణుకు తలదాకా ఎక్కింది. ఇంకేముంది, ఒట్టు తప్పాడన్నారు. తాగుబోతును క్షమించవచ్చుగాని అమ్మవారి ముందు అబద్ధమాడినవాణ్ణి ఎలా క్షమిస్తారు? పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. బావి దగ్గర అమ్మ చేద ముట్టుకుంటే మాటలు ఆగిపోయేవి. సేటు రెండోసారి, ఇక రావద్దని పంపేశాడు.

పని లేక ఇంట్లో ఉన్న రోజుల్లో బాపును సర్కారు దవాఖానాకు తీసుకుపోయాం. నడవలేకపోతే టాంగా మీద. అక్కడ ఒక డాక్టర్ సాబ్, నడివయసు మనిషి, బాపు చిగుళ్ళు చూశాడు. గోడ మీద ఒక చోట వేలు పెట్టి చూపించి, సరిగ్గా అక్కడే ముట్టుకోమన్నాడు. కాగితం ఇచ్చి గీత గీయమన్నాడు. గీత ఎలా వచ్చిందో చూసి, ఏం పని చేస్తావని ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"క్యా కామ్ కర్తే?"

"ములమ్మేకా" అని బాపు బదులు అమ్మే చెప్పింది. చెప్పి, ఆయన అడగకముందే సిగ్గుతో తల దించుకుని, "తాగుతడు సాబ్" అని కూడా అన్నది.

డాక్టర్ తల అడ్డంగా తిప్పాడు. తాగుడుకూ దీనికీ సంబంధం లేదన్నాడు. పారా, పాదరసం. పొగ ఊపిరితో లోపలికి పోయి నరాలను తినేసిందన్నాడు. నాలుక కింద గుండు సంగతి విని బాపు నాలుక ఎత్తించి చూశాడు. గుండును పొయ్యి మీద కాల్చే సంగతి విన్నాక నన్ను దగ్గరికి పిలిచి నా నోరు కూడా చూశాడు. ఆ పని ఇక ఎవరూ చెయ్యొద్దనీ, గూట్లో సీసా పారేయమనీ గట్టిగా చెప్పాడు. బాపుకు మందు లేదన్నాడు. అమ్మ అడిగితే, ఇది తాగుడు కాదు, పాదరసం జబ్బని ఉర్దూలో చీటీ రాసిచ్చాడు.

దవాఖానా వరండాలో అమ్మ బాపు ముందు నేల మీద కూర్చుంది. "నేను నీ నోరు వాసన చూసిన" అన్నది. బాపు వణికే చెయ్యి ఆమె తల మీద పెట్టాలని చూశాడు. అది ఆగక చెంపకు తగిలింది. ఇద్దరూ ఏడ్చారు.

ఆ చీటీతో అమ్మ నన్ను వెంటబెట్టుకుని నేరుగా కార్ఖానాకు పోయింది. సేటు చీటీ చదివాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను. మడిచి తిరిగిచ్చాడు.

"గిది నాకు తెల్వదా ఏంది? ఉస్తాద్‌కు గిట్లనే అయింది. ఉస్తాద్ వాళ్ళ ఉస్తాద్‌కు గూడ గిట్లనే. గందుకే గదా బెల్లం ఇస్తున్న."

"తెలిసి గూడ, తాగిండని ఎందుకంటివి సేటూ?"

"పొగతోని అయిందంటే రేపు పనికి ఎవరొస్తరు? నువ్వే చెప్పు."

అంత తీరిగ్గా అన్నాడు ఆ మాట, ఇందులో దాచేది ఏముందన్నట్టు. నిప్పు పెట్టే రోజున ఆయన కొడుకులు కార్ఖానా మెట్టు కూడా ఎక్కరని నాకు అప్పుడు గుర్తొచ్చింది. బంగారం ఎందుకు తెల్లబడుతుందో ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది మాకే. ఎన్నో అన్యాయాలు చూశాను ఈ వయసుకు. చేసిన పాపాన్ని చచ్చేవాడి మీదే రుద్ది, ఒట్టు కూడా పెట్టించి, మళ్ళీ ఆ పొగలోకే పిలిచిన ఇంత నీచం ఇంకొకటి చూడలేదు.

పెద్దమనుషుల ముందుకు వచ్చి ఈ ఒక్క మాట చెప్పమని అమ్మ బతిమిలాడింది. చూస్తానన్నాడు. రాలేదు.

అమ్మే పెద్దమనుషులను కూర్చోబెట్టింది. బడిలో ఉర్దూ నేర్చుకున్నదాన్ని కాబట్టి చీటీ నేను చదివాను. నా గొంతు వాళ్ళకు ఆనలేదో, ఆడపిల్ల చదవడమే నచ్చలేదో, మధ్యలోనే ఒకాయన ఆపేశాడు.

"పాదరసం విషమా? వైద్యులు మందుల్ల వేస్తరు గదా. నా మోకాళ్ళ నొప్పులకు నేను తింటున్న. విషమైతే నేనెట్ల బతికున్న?"

అందరూ అవునంటే అవునన్నారు. మేనమామ అమ్మను పక్కకు పిలిచి, "ఎందుకక్కా ఈ లొల్లి? తాగిండు, అయిపోయింది. మగోళ్ళు తాగరా?" అన్నాడు. వాడు ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బాపు ఆ ఎండాకాలం దాటలేదు. చివరి రోజుల్లో నీళ్ళు కూడా గుడ్డ తడిపి నోట్లో పిండేవాళ్ళం. స్పృహ ఉన్నప్పుడు ఒకే ఒక మాట అన్నాడు, చాలా కష్టం మీద, ముక్కలు ముక్కలుగా. "నేను తాగలేదని అందరికి జెప్పు." అమ్మ చెప్తానన్నది.

మూడో రోజు మా వాళ్ళలో పిట్టకు పెడతారు. పూడ్చిన చోట విస్తరి వేసి, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కొరత ఉన్నట్టు లెక్క. అమ్మ అన్నం, పప్పుచారు, బాపుకు ఇష్టమైన వంకాయ కూర వండి తెచ్చింది. విస్తరి వడ్డించి తల ఎత్తేసరికి మేనమామ కల్లు ముంత తెచ్చి విస్తరి పక్కన పెడుతున్నాడు.

"తియ్యి అది" అన్నది అమ్మ.

"పానమంత దాని మీదనే ఉండె గదక్కా. పెట్టకుంటే తిరుగుతనే ఉంటడు."

"నోట్లె సుక్క పొయ్యని మనిషికి కల్లు పెడ్తవా? తియ్యి!" అమ్మ ముంత తీసి వాడి చేతిలో పెట్టింది. "తాగు. నువ్వు తాగు. గాయన పేరు మీద నువ్వు తాగు."

ఆ తర్వాత ఆమె అక్కణ్ణించి కదలలేదు. విస్తరి పక్కనే నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది, ఎవరైనా మళ్ళీ ముంత పెడతారేమోనని. ఎండ నడినెత్తికి వచ్చింది. కాకులు చెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. మనిషి అంత దగ్గర నిలబడితే ఏ కాకి దిగుతుంది? కాని వెనక గుసగుసలు మొదలయ్యాయి. చూసిన్రా, కల్లు లేదని వస్తలేడు అన్నారు. చివరికి ఆడవాళ్ళిద్దరు వచ్చి అమ్మను రెక్కలు పట్టుకుని దూరంగా తీసుకుపోయారు. మేనమామ ముంత తెచ్చి మళ్ళీ పెట్టి తానూ వెనక్కి జరిగాడు.

మనుషులు దూరం జరగగానే కాకి దిగింది.

"సూసిన్రా!" అన్నారెవరో. అవునన్నట్టు అందరూ తలలాడించారు. ఒకాయన చేతులు కూడా జోడించాడు. అమ్మ అరుస్తూనే ఉంది. ఆమె గొంతు ఎవరికీ పట్టలేదు. నేను అందరికంటే ముందు నిలబడి ఉన్నాను. ఆ కాకి అన్నం తిన్నది, వంకాయ ముక్క ఎత్తుకుంది. ముంత దిక్కు ఒక్కసారి కూడా ముక్కు తిప్పలేదు.